నంబరు ఒక్కటే చూపించుకుంటే చాలదండీ

నేను ఆప్టోమెట్రిస్టుని, అంటే కంటి చూపు పరీక్షించి అద్దాలు రాసేదాన్ని. గోదావరి పల్లెల మధ్య ఓ చిన్న కంటి కేంద్రంలో పని. అరవై దాటినవాళ్లు కుర్చీలో కూర్చోగానే చాలామంది అనేది ఒకటే: "అద్దాల నంబరు చూడమ్మా, చాలు." నంబరు సరిగ్గా ఉన్నా లోపల కన్ను పాడవుతూ ఉండొచ్చు. అందుకే నలభై దాటాక అద్దాలు మార్చుకోవడానికి వచ్చినప్పుడల్లా కంటి లోపలి ప్రెషర్, కంటి నరం, రెటీనా (కంటి వెనకవైపు పొర) కూడా చూడమని అడగండి.

ముందు ఇంట్లో చేసుకునే పరీక్ష ఒకటుంది. రోజూ పెట్టుకునే అద్దాలతోనే, ఒక కన్ను అరచేత్తో నొక్కకుండా మూసి గోడమీది క్యాలెండర్ చూడండి. తర్వాత రెండో కన్ను. రెండూ తెరిచి ఉంటే బాగున్న కన్నే పని నెట్టుకొచ్చేస్తుంది, రెండోదానికి చూపు తగ్గిన సంగతి తెలియనే తెలియదు. తేదీల గళ్ల గీతలు వంకరగా కనిపించినా, మధ్యలో మచ్చలా ఉన్నా రెటీనా డాక్టరుకు చూపించాలి.

"మా నాన్నగారు డెబ్బైల్లో అద్దాలు లేకుండా పేపరు చదివేస్తున్నారు" అని గొప్పగా చెప్పేవాళ్లుంటారు. ఆ సంతోషం చెడగొట్టడం నాకిష్టం ఉండదు కానీ, చాలాసార్లు అది శుక్లం పెరుగుతున్న గుర్తే. కంటిలోని లెన్సు గట్టిపడుతూ కొన్నాళ్లు దగ్గరి చూపు బాగవుతుంది, దూరం మసకబారుతుంది. చుక్కల మందుతో శుక్లం కరగదు. ముదిరేదాకా ఆగాలన్నది పాతకాలం మాట. ఇప్పుడు రోజువారీ పనులకు అడ్డమవుతుంటే ఆపరేషన్ చేయించుకోవచ్చు. బాగా ముదిరితే ఆపరేషనే కష్టమవుతుంది.

నాకు అసలు టెన్షన్ నీటికాసుల గురించి, అంటే కంటి నరం దెబ్బతినే గ్లాకోమా జబ్బు. ఎక్కువమందిలో నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. పక్క చూపు మెల్లగా పోతుంది, పోయింది తిరిగి రాదు. ప్రెషర్ మామూలుగా ఉన్నా కొందరికి నరం దెబ్బతింటుంది కాబట్టి రెండూ చూడాలి. అమ్మానాన్నలకు గానీ అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు గానీ ఉంటే మీరు అసలు వాయిదా వేయొద్దు. చుక్కలు మొదలుపెట్టాక "చూపేమీ పెరగలేదు కదా" అని మానేస్తుంటారు. ఆ మందు ఉన్న చూపును కాపాడటానికే.

షుగర్ ఉన్నవాళ్లు చూపు బాగున్నా ఏడాదికోసారి రెటీనా చూపించుకోవాలి. కంటిపాప పెద్దదవడానికి చుక్కలు వేస్తారు. కొన్ని గంటలు మసకగా ఉంటుంది, వెలుతురు పడదు. బండి మీద ఒక్కరే రాకండి, తోడు తెచ్చుకోండి.

చుక్కలు వేసుకోవడంలోనూ పద్ధతుంది. చేతులు కడుక్కుని, తల వెనక్కి వాల్చి, కింది రెప్పను కొంచెం లాగి ఆ సందులో ఒక్క చుక్క వేయాలి. రెండో చుక్క చెంప మీదికి కారిపోవడమే. సీసా మూతి కంటికి తగలకూడదు. కన్ను మూసుకుని ముక్కు పక్క మూలను వేలితో ఒకటి రెండు నిమిషాలు నొక్కి పట్టండి, మందు గొంతులోకి జారకుండా. ఇంకో మందు ఉంటే కనీసం ఐదు నిమిషాలు ఆగాలి. సీసా తెరిచిన తేదీ పెన్నుతో రాసి పెట్టుకోండి. చాలా మందులు నెల దాటితే పారేయాల్సినవే.

కన్ను ఎర్రబడితే మెడికల్ షాపులో అడిగి చుక్కలు తెచ్చుకోవద్దు. వాటిలో స్టెరాయిడ్ ఉండొచ్చు. డాక్టరు చూడకుండా నెలల తరబడి వాడితే నీటికాసులు, శుక్లం రెండూ రావచ్చు. ఆకు పసర్లు, తేనె, చనుబాలు కంట్లో అస్సలు పోయకండి. వరి కోతల్లో ఆకు గీసుకున్న కంటికి పసరు పోస్తే నల్లగుడ్డు మీద పుండు పడే ప్రమాదం ఇంకా పెరుగుతుంది.

తిండి సంగతికొస్తే, పొన్నగంటి కూర, మునగాకు, తోటకూర మంచివే, తినండి. వాటితో నంబరు మాత్రం తగ్గదు. చుట్ట, బీడీ మానేస్తే కంటికి అంతకన్నా మేలు.

ఉన్నట్టుండి మెరుపులు, నల్లచుక్కల గుంపు కనిపించినా, చూపుకి పక్కనుంచి తెర పడినట్టున్నా, కన్ను ఎర్రబడి విపరీతమైన నొప్పితో వాంతులైనా అది తలనొప్పి మాత్రతో పోయేది కాదు. ఆదివారమైనా, పండగైనా ఆ రోజే పెద్ద కంటి ఆసుపత్రికి వెళ్లిపోండి.