విండోస్ 11 నుంచి 10కి వెనక్కి వెళ్లే ముందు

విండోస్ 11కు మారాక పాత ప్రింటర్ పలకకపోవడం, రోజూ వాడే ప్రోగ్రామ్ తెరుచుకోకపోవడం వెనక్కి వెళ్లాలనుకోవడానికి సరైన కారణాలే. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కూర్చిన పాత ఫైళ్లను నేటికీ తెరవవలసివచ్చే తెలుగు డీటీపీ పనివారికి ఈ చిక్కు బాగా తెలుసు. రూపం నచ్చలేదన్న ఒక్క కారణంతో మాత్రం ఈ పనికి పూనుకోవద్దని నా సలహా, ఎందుకంటే విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. వ్యక్తిగత వినియోగదారులకు అదనపు భద్రతా అప్‌డేట్ల పథకాన్ని 2026 అక్టోబర్ 13 వరకు ప్రకటించారు. అప్‌డేట్లు అందని కంప్యూటర్‌లో బ్యాంకు లావాదేవీలు చేయడం నిజంగా ప్రమాదం.

అన్నిటికంటే ముందు చూసుకోవలసింది రోజుల లెక్క. విండోస్ 10 నుంచి అప్‌గ్రేడ్ చేసిన కంప్యూటర్‌లో సాధారణంగా 10 రోజుల వరకు సెట్టింగ్స్‌లోని సిస్టమ్, రికవరీ విభాగంలో ‘గో బ్యాక్’ అనే మీట పనిచేస్తుంది. ఈ దారిలో మీ సొంత ఫైళ్లు నిలుస్తాయి గానీ, అప్‌గ్రేడ్ తర్వాత వేసుకున్న ప్రోగ్రాములు, మార్చుకున్న సెట్టింగులు పోతాయి. డిస్క్‌లో చోటు కోసం, పాత విండోస్ భద్రంగా ఉండే ‘విండోస్ ఓల్డ్’ ఫోల్డర్‌ను తొలగించినవారికి గడువు మిగిలి ఉన్నా ఈ అవకాశం దక్కదు.

గడువు దాటితే, లేదా కంప్యూటర్ విండోస్ 11తోనే వచ్చి ఉంటే, కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి విండోస్ 10ను ఎక్కించుకుని, దానితో మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేయడమే మార్గం. అప్పుడు సి డ్రైవ్ మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. ఫొటోలు డి డ్రైవ్‌లో ఉన్నాయి కదా అన్న ధీమా పనికిరాదు. విండోస్ వేయాల్సిన డిస్క్ భాగాన్ని (పార్టిషన్) ఎంచుకునేటప్పుడు ఒక్క పొరపాటు జరిగితే అవీ పోతాయి కాబట్టి, వాటిని విడి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి, కొన్నిటిని మరో కంప్యూటర్‌లో తెరిచి చూసుకున్న తర్వాతే పని మొదలుపెట్టండి. డిస్క్‌లోని సమాచారానికి తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే దాని 48 అంకెల రికవరీ కీని కాగితం మీద రాసుకోండి. తయారీదారు సైటులో మీ మోడల్‌కు విండోస్ 10 డ్రైవర్లు (కంప్యూటర్ భాగాలను విండోస్‌తో పనిచేయించే ప్రోగ్రాములు) ఉన్నాయో లేదో చూసి, కనీసం వైఫై డ్రైవర్‌నైనా ముందే పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి. అది లేకపోతే ఇన్‌స్టాల్ అయ్యాక మిగతావి దించుకోవడానికి ఇంటర్నెట్టే అందకపోవచ్చు. కొత్త మోడళ్లలో కొన్నిటికి ఆ డ్రైవర్లే ఉండవు, అలాంటప్పుడు ఈ ప్రయత్నం మానుకోవడం మంచిది.

ఒకే ఒక్క పాత ప్రోగ్రామ్ కోసమైతే కంప్యూటర్‌నంతా వెనక్కి తీసుకెళ్లనక్కర్లేదు. కంప్యూటర్ లోపల మరో కంప్యూటర్‌లా పనిచేసే వర్చువల్ మెషీన్‌లో పాత విండోస్ వేసుకుని, దానికి ఇంటర్నెట్ ఇవ్వకుండా, ఆ ప్రోగ్రామ్‌ను అందులోనే నడుపుకోవచ్చు.