పవర్‌పాయింట్‌లో ఫొటోలు సాగిపోకుండా

పవర్‌పాయింట్‌లో ఫొటో పెట్టాక పక్కనున్న చుక్కల్ని పట్టుకుని లాగకండి, ముఖాలు దోసెల్లా వెడల్పైపోతాయి. ఎప్పుడూ మూల చుక్కే పట్టుకోవాలి. స్లైడ్ మొత్తం నిండాలంటే పిక్చర్ ఫార్మాట్‌లో క్రాప్ కింద యాస్పెక్ట్ రేషియోకి వెళ్లి 16:9 ఎంచుకుని, ఆ తర్వాత మూల పట్టుకుని పెంచండి, ఎందుకంటే ఇప్పటి స్లైడ్లు మామూలుగా ఆ కొలతలోనే ఉంటాయి (పాత 4:3 ఫైలైతే అదే ఎంచుకోండి). మూడు నాలుగు ఫొటోలు వరసగా పెట్టేటప్పుడు కంటి అంచనాతో సర్దుతూ కూర్చోవడం శుద్ధ దండగ. ఎత్తు ఒకటే చేసి, అన్నీ సెలెక్ట్ చేసి, అలైన్‌లో అలైన్ టాప్, తర్వాత డిస్ట్రిబ్యూట్ హారిజాంటల్లీ నొక్కితే చాలు. ఫొటో మార్చాలా? డిలీట్ చేయొద్దు, రైట్ క్లిక్ చేసి చేంజ్ పిక్చర్ నొక్కండి, కొత్తది అదే చోట కూర్చుంటుంది.