పాత టర్బో డీజిల్ కారు ఉన్నట్టుండి లాగడం మానేస్తే ఏమి చేయాలి?

దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కుతుండగా, రెండో గేరులో, మా పద్నాలుగేళ్ల డీజిల్ కారు బానెట్ కింద ఒక్కసారి బుస్సుమంది. ఆ తర్వాత యాక్సిలరేటర్ నేలకు ఆనేదాకా తొక్కినా ఎద్దుబండి నడకే. అద్దంలో వెనక నల్లటి పొగ. దారిలో దొరికిన మెకానిక్ బానెట్ ఇంకా పూర్తిగా ఎత్తకముందే “టర్బో పోయింది సార్, మార్చాల్సిందే” అని తేల్చేశాడు. తీరా చూస్తే పోయింది ఇంజిన్‌లోకి గాలిని ఒత్తి పంపే ఆ టర్బో కాదు, దాని గాలిని, చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కు తీసుకెళ్లే రబ్బరు గొట్టం. అప్పటినుంచి నేను వెతికే వరుస ఒకటే: చవకైనది ముందు, టర్బో చివర.

ముందు బండిని పక్కకు తీయండి. ఆయిల్ లైటు వెలిగినా, వేడి ముల్లు పైకి పోయినా వెంటనే ఇంజిన్ ఆపేయాలి. మీరు తొక్కకుండానే ఇంజిన్ తనంతట తాను హోరెత్తిపోతూ, తాళం తీసినా ఆగకపోతే, టర్బో నుంచి కారిన ఆయిల్‌నే అది ఇంధనంగా తాగుతోందని అర్థం. మాన్యువల్ గేరు బండి అయితే పై గేరు వేసి, బ్రేకు గట్టిగా తొక్కిపట్టి క్లచ్ వదలండి. ఇంజిన్ ఉక్కిరిబిక్కిరై ఆగుతుంది.

అలాంటిదేమీ లేకపోతే తాళం తీసి, రెండు మూడు నిమిషాలాగి మళ్లీ స్టార్ట్ చేయండి. శక్తి తిరిగి వస్తే సంతోషించకండి. ఏదో తేడా కనిపెట్టిన కంప్యూటర్ ఇంజిన్‌ను కాపాడటానికి శక్తి తగ్గించింది, మళ్లీ తగ్గిస్తుంది. ఈ దశలో బ్యాటరీ వైరు మాత్రం పీకకండి. కొన్ని కార్లలో దాంతో కంప్యూటర్ రాసుకున్న తప్పుల కోడ్‌లు చెరిగిపోతాయి, ఉన్న ఒక్క సాక్షీ పోతుంది.

ఇక పొగ. నల్లగా ఉంటే డీజిల్‌కు తగ్గ గాలి అందడం లేదు. నీలంగా ఉంటే ఆయిల్ మండుతోంది. పొగ లేకుండా బండి కుదుపులతో నీరసపడి, ఆగి ఆగి నడుస్తుంటే అనుమానం డీజిల్ సరఫరా మీదికి పోవాలి.

నల్ల పొగ, బుస్సుమనే చప్పుడు కలిసి వస్తే గొట్టాలు చూడండి. ఇంజిన్ చల్లారాక గాలి ఫిల్టర్ నుంచి టర్బో, అక్కడినుంచి ఇంటర్‌కూలర్, మళ్లీ ఇంజిన్ వరకు గాలి వెళ్లే దారంతా చేత్తో తడుముతూ వెళ్లండి. పైనుంచి చూస్తే మా గొట్టం కొత్తదానిలా ఉంది. చీలిక అడుగున, క్లిప్‌కు ఆనుకుని, అంగుళం పొడవున ఉంది. ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు దాని పెదవులు మూసుకునే ఉంటాయి. లోడు పడి టర్బో గాలి నింపినప్పుడే తెరుచుకుంటాయి. అందుకే నిలబెట్టి చూస్తే ఏమీ దొరకదు. గొట్టాన్ని గుడ్డతో తుడిచి, అడుగున చిన్న అద్దం పెట్టి, రెండు చేతులతో వంచి చూడండి. బయట ఒకచోట మాత్రమే ఆయిల్ తడి, దానికి దుమ్ము పట్టిన మరక కనిపిస్తే లీకు దాదాపు అక్కడే. లోపల పలచటి ఆయిల్ పొర ఉండటం మాత్రం మామూలే, దాన్ని చూసి టర్బోను అనుమానించకండి.

గొట్టాలు బాగుంటే టర్బోను అదుపు చేసే సన్నటి వాక్యూమ్ పైపుల వంతు. టర్బో వేడికి ఇవి పెళుసుబారి చివర్లలో పగులుతాయి. వాక్యూమ్‌తో నడిచే వేరియబుల్ టర్బో (లోపలి రెక్కల కోణం మార్చుకునేది) అయితే, ఒకరు స్టార్ట్ చేస్తుంటే మీరు టర్బో పక్కనున్న సన్నని కడ్డీని చూడండి. చాలా కార్లలో స్టార్ట్ కాగానే అది లోపలికి లాగబడి, ఆపగానే వెనక్కి రావాలి. మామూలు టర్బో అయితే అది కదలకపోయినా కంగారు పడనక్కరలేదు.

డీజిల్ ఫిల్టర్‌కు అడుగున మర ఉంటే దాన్ని వదులు చేసి అర గ్లాసు డీజిల్‌ను గాజు సీసాలోకి పట్టి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. నీళ్లుంటే అడుగున వేరుగా నిలుస్తాయి. వానాకాలంలో ఇది తప్పనిసరి. ఫిల్టర్ ఎప్పుడు మార్చారో గుర్తు లేకపోతే మార్చేయడమే మేలు. ఇంజిన్ నడుస్తుండగా ఇంజెక్టర్లకు వెళ్లే ఇనుప గొట్టాల నట్లు మాత్రం వదులు చేయకండి. ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ అందించే ఉమ్మడి గొట్టం, అంటే కామన్ రైల్‌లో పీడనం 1000 బార్ దాటుతుంది, ఆ ధార చర్మంలోకి దూసుకుపోతుంది.

అప్పటికీ తేలకపోతే కోడ్‌లు చదివే స్కానర్ పెట్టించండి. పి0299 అంటే టర్బో గాలి తక్కువ, పి0234 అంటే ఎక్కువ, పి0087 అంటే రైల్‌లో డీజిల్ పీడనం తక్కువ. కోడ్ ఏ భాగం మార్చాలో చెప్పదు, ఎటు వెతకాలో చెబుతుంది. పి0299 చూసి టర్బో మార్చమనేవారు నన్నడిగితే కోడ్‌ను సగమే చదివినట్టు.

అక్కడే ఉండి ఒక అంకె అడగండి. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం తిప్పితే, ఇంజిన్‌లోకి వెళ్లే గాలి పీడనాన్ని కొలిచే మ్యాప్ సెన్సర్ బయటి గాలి పీడనాన్నే చూపాలి: విశాఖపట్నంలో సుమారు 100 కిలోపాస్కల్, సముద్ర మట్టానికి అర కిలోమీటరుకు పైగా ఎత్తున్న హైదరాబాద్‌లో సుమారు 95. పొంతన లేని అంకె వస్తే సెన్సరే మసిపట్టి లేదా చెడిపోయి ఉంటుంది. సెన్సర్ సరిగ్గా ఉంటే మూడో గేరులో పూర్తిగా తొక్కి చూడండి. చాలా కార్లలో అది 200 పరిసరాలకు చేరాలి. 100 దగ్గరే కూర్చుంటే టర్బో గాలి ఇంజిన్ దాకా చేరడం లేదు.

మసితో తెరుచుకుని ఉండిపోయిన ఈజీఆర్ వాల్వ్ (పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపేది), మురికి పట్టిన గాలి సెన్సర్ కూడా ఇలాగే ఇబ్బంది పెడతాయి. రెంటినీ శుభ్రం చేయించి చూడటం మార్చడం కంటే చవక.

ఇన్నీ చూశాకే టర్బో. చల్లని ఇంజిన్ మీద గాలి లోపలికి వెళ్లే పైపు తీసి, చక్రం ఇరుసును వేళ్లతో పట్టుకోండి. పక్కలకు కాస్త ఆడటం సహజమే. ముందుకూ వెనక్కూ ఆడినా, రెక్కలు గోడకు రాసుకున్న గీతలున్నా, పైపులో ఆయిల్ మడుగు కట్టినా మెకానిక్ మాట నిజమే. అయితే కొత్తది బిగించే ముందు దానికి ఆయిల్ అందించే సన్న గొట్టం మూసుకుపోలేదని చూపించమనండి, లేకపోతే కొత్త టర్బో కూడా త్వరలోనే పోతుంది.

మరమ్మతయ్యాక కోడ్‌లు చెరిపించి, అదే లోడుతో అలాంటి ఎత్తే ఎక్కించి చూడండి. చదును రోడ్డు మీద మా చీలిన గొట్టం కూడా చప్పుడు చేయలేదు.