‘కమ్మరి’ అనే మాట పుట్టుకను వెతకడం ఎలా

వృత్తి పేరుకు అర్థం వెతకదలచినవారు నిఘంటువు తెరవడానికి ముందు, ఊళ్లో ఆ పేరు ఎవరికి, ఏ పనికి వర్తిస్తుందో రాసుకోవాలి. ఓరుగల్లు చుట్టుపక్కల పల్లెల్లో కొలిమి పెట్టి నాగటి కర్రు, కొడవలి, గొడ్డలి, గడ్డపార చేసేవారు, మొద్దుబారినవాటిని కాల్చి సమ్మెటతో సాగగొట్టి మళ్లీ పదును పెట్టేవారు కమ్మరులు. కర్రపని చేసేవారు వడ్లవారు, బంగారం పని చేసేవారు అవుసులవారు, కంచు, ఇత్తడి పని చేసేవారు కంచరులు. ఈ పేర్లను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక తేడా బయటపడుతుంది. కంచరి పేరులో కంచు పైకే కనిపిస్తుంది గాని, కమ్మరి పేరులో ఇనుము ఎక్కడా లేదు. మరి ఏముంది?

మాట నడుమ ఉన్న జంట మకారాన్ని ముందు అనుమానించాలి. సంస్కృతంలో రేఫతో, అంటే రకారంతో, కలిసిన మకారం ప్రాకృతంలో (సంస్కృతానికి దగ్గరి పాత జనవాడుక భాషల్లో) జంట మకారమవుతుంది: ధర్మం ధమ్మం అయింది, కర్మం కమ్మం అయింది. ఆ దారిన వెనక్కి నడిస్తే కమ్మరికి ముందు ‘కమ్మార’, దానికి ముందు ‘కర్మార’ దొరుకుతాయి. చివర దీర్ఘం పోయి ఇకారం చేరడం ఈ ఒక్క మాటకే జరిగి ఉంటే నమ్మకం కుదరదు. కుంభకార, కుంభార అన్న మాటలు మనకు కుమ్మరిగా అందడం దానికి గట్టి సాక్ష్యం. కర్మారను ‘కర్మ’, అంటే పని, అన్న మాటతో ముడిపెట్టి వివరిస్తారు. అంటే పేరులో ఉన్నది లోహం కాదు, పనితనం.

ఊహించిన రూపాలు నిజంగా వాడుకలో ఉండేవా అన్నది తర్వాత పరీక్షించాలి. ఋగ్వేదం 10వ మండలం 72వ సూక్తంలో బ్రహ్మణస్పతి అనే దేవుడు ‘కర్మారునిలా ఊదాడు’ అని ఉంది; కమ్మరిని కొలిమి ఊదే తిత్తితో గుర్తుపట్టడం అంత పాతదన్నమాట. బుద్ధునికి చివరి భోజనం పెట్టిన చుందుణ్ణి పాళీ భాషలోని బౌద్ధ గ్రంథాలు ‘కమ్మారపుత్త’, అంటే కమ్మరి కొడుకు, అంటాయి. కన్నడంలో నేటికీ ‘కమ్మార’ అనే అంటారు. ఉత్తర తెలంగాణలోని కోటిలింగాలలో దొరికిన శాతవాహన నాణేల మీద ఉన్నది ప్రాకృతమే కాబట్టి, ఆ భాష మాటలు ఇక్కడివారి చెవిన పడడంలో వింత లేదు.

అయితే పేరు ప్రాకృతం నుంచి వచ్చింది కనుక పని కూడా బయటినుంచే వచ్చిందని తేల్చేయకూడదు; చాలామంది ఇక్కడే జారుతారు. పనికి సంబంధించిన తక్కిన మాటలను కూడా తూచాలి. కొలిమి ద్రావిడ పదం. ఇనుప పని చేసేవాణ్ణి తమిళులు పిలిచే ‘కొల్లన్’ దాని చుట్టమే. ఉక్కును తమిళంలో ‘ఉరుక్కు’ అంటారు, అది కరిగించడం అన్న అర్థం గల మాట. 1795లో జార్జ్ పియర్సన్ లండన్ రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రంలో ‘వుట్జ్’ అన్న పేరుతో కనిపించే మాట ఈ ‘ఉక్కు’ నుంచే వచ్చిందని పండితుల అభిప్రాయం. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసలలో, అంటే లోహం కరిగించే మట్టి పాత్రలలో, ఉక్కు తీసే పద్ధతిని హెన్రీ వాయ్‌సీ వర్ణించగా, ఆ వర్ణన 1832లో అచ్చయింది. మనిషి పేరు అరువు, కొలిమి మాత్రం సొంతం.

విశ్వకర్మ సంప్రదాయం కమ్మరులను విశ్వకర్మ కొడుకైన మను సంతతిగా చెబుతుంది. దానిని గౌరవంగా వేరే పుటలో రాసుకోవాలి. అది కులం తన గురించి చెప్పుకునే కథ, మాట చరిత్ర కాదు. రెంటినీ కలిపితే రెండూ చెడతాయి.

ధ్వని పోలికకు మాత్రం లొంగకూడదు. చెవికి పెట్టుకునే కమ్మకు, కమ్మని వంటకు కమ్మరితో సంబంధం అంటగట్టడం వినోదానికే పనికొస్తుంది. నిజామాబాద్ జిల్లాలోని కమ్మర్‌పల్లి పేరు వినగానే కొలిమి కళ్లముందు మెదులుతుంది గాని, పాత శాసనంలోనో రెవెన్యూ దస్త్రంలోనో ఆ ఊరి పేరు ఏ రూపంలో ఉందో చూసేవరకు, దానిని ఈ జాబితాలో పెన్సిలుతోనే రాసుకోవాలి.