తాతల నాటి పుస్తకాన్ని ముక్కలవ్వకుండా స్కాన్ చేయడం ఎలా?

పాత పుస్తకం దొరగ్గానే జిరాక్స్ షాపుకి పట్టుకెళ్ళేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అక్కడ దాన్ని అద్దం మీద బోర్లించి అరచేత్తో ఒక్కటి అదుముతారు, కుట్టు టప్‌మని తెగుతుంది, అటక మీద చెదలకి కూడా చిక్కకుండా ఎనభై ఏళ్ళు బతికింది కాస్తా పావుగంటలో విడి కాయితాలైపోతుంది. ఇంట్లో ఫోన్‌తోనే చేసుకోవచ్చు.

కావాల్సినవి పెద్దగా ఏం లేవు. ఫోన్, అది కిందికి చూసేలా పట్టే స్టాండు, నల్ల గుడ్డ, మెత్తటి బ్రష్షు, ఆనించడానికి నాలుగు లావుపాటి పుస్తకాలు. కిటికీ పక్కన నీడపట్టు వెలుగు చాలు, ఫ్లాష్ వద్దు. చేతులు కడుక్కుని బాగా ఆరాక మొదలెట్టండి, గ్లవ్స్ మాత్రం వద్దు, కాయితం అంచు వేలికి తెలీక చింపేస్తారు.

ఇక అసలు చిక్కు: పేజీ తిప్పడం. మన పాత అచ్చు పుస్తకాలు చాలావరకు చౌకరకం చెక్కగుజ్జు కాయితం మీద వేసినవి, అందులో ఉండే ఆమ్లం ఏళ్ళ తరబడి లోపల్నించే తినేస్తుంది, అందుకే పసుపు తిరిగి అప్పడంలా విరుగుతుంది. ఎంత పెళుసుగా ఉందో చూద్దామని కొందరు మూల మడుస్తారు. ఆ మూల చేతికొచ్చేస్తుంది, దాంతోపాటు పేజీ నంబరు కూడా.

పుస్తకాన్ని పూర్తిగా పరవొద్దు. 90 డిగ్రీలు, మహా అయితే ఇంకో పది. ఎడమ అట్టని పుస్తకాల దొంతికి నిలువుగా ఆనించి కుడివైపు పేజీలన్నీ ముందు ఫొటో తీసెయ్యండి, తర్వాత పుస్తకం తిప్పి రెండోవైపువి. డబుల్ పనే, నాకూ తెలుసు, అయినా నేనింకోలా చెయ్యను. వేలు నాలిక్కి అద్ది తిప్పే అలవాటుంటే ఆ పూటకి మానుకోండి, పై మూల దగ్గర పోస్టుకార్డు లాంటి అట్టముక్క కిందికి జారిచ్చి దాంతో లేపాలి. అతుక్కున్న పేజీలుంటే వదిలెయ్యండి, ఆవిరి పట్టడాలూ బ్లేడుతో గీకడాలూ వద్దు. చిరిగితే సెల్లోటేప్ వెయ్యొద్దు, టేప్ ఊడిపోయినా జిగురు మరక ఉండిపోతుంది, మొదట్లో నేనూ ఓ పాత పత్రికకి వేసి ఇప్పటికీ తిట్టుకుంటున్నా. ఊడిన ముక్కని కవర్లో వేసి పేజీ నంబరు రాసుకోండి. లామినేషన్ మాటే ఎత్తొద్దు, దాన్ని మళ్ళీ ఊడదియ్యలేరు.

స్కానర్ యాప్‌లో బ్లాక్ అండ్ వైట్ ఫిల్టరు కూడా వద్దు. ఇంగ్లీషు పుస్తకానికి నడుస్తుందేమో గానీ మన అచ్చులో అరసున్నలు మరకలనుకుని మింగేస్తుంది, వత్తులు ముద్దయిపోతాయి. మామూలు కెమెరా, కలర్, అంతే.

ముద్రణ వివరాల పేజీ తప్పకుండా తియ్యండి. 1897 నాటి కన్యాశుల్కం వేరు, గురజాడ తిరగరాసి 1909లో వేసింది వేరు, ఆ ఒక్క పేజీ లేకపోతే మీ చేతిలో ఉన్నది ఏదో మళ్ళీ వెతుక్కోవాలి. ఫైళ్ళకి పేజీ నంబర్లే పేర్లుగా పెట్టి పుస్తకం లోపల పెట్టేముందే లెక్క సరిచూసుకోండి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్లలో సరిగ్గా కథ ముడిపడేచోట పేజీ లేక తల పట్టుకున్నవాళ్ళకి ఈ గోల ఎందుకో అర్థమవుతుంది.

కాపీలు మూడు, మూడు చోట్ల. అదే బీరువాలో పెట్టిన పెన్‌డ్రైవ్ లెక్కలోకి రాదు. నెట్‌లో పెట్టేముందు రచయిత ఎప్పుడు పోయారో చూడండి, మన చట్టంలో కాపీరైట్ రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు. గురజాడ 1915లో పోయారు, నిక్షేపంగా పెట్టుకోవచ్చు. చలం పోయింది 1979లో, అంటే 2039 చివరిదాకా ఆగాలి. అనువాదమైతే అనువాదకుడి లెక్క వేరే.

పని అయ్యాక పుస్తకాన్ని పాత పేపర్లవాడికి వేసేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళతో నేను మాట్లాడను. ఉతికిన నూలుగుడ్డలో చుట్టి పడుకోబెట్టండి, అటక మీద కాదు, మీరు రోజూ తెరిచే బీరువాలో.