గింజలు ఊళ్లు తిరుగుతాయి, సాక్సులతో చూపించండి

గింజల ప్రయాణం బొమ్మల్లో చూపిస్తే పిల్లలకు రెండు నిమిషాల్లో బోర్ కొడుతుంది. వానలు వెనకబట్టాక, దసరా దీపావళి రోజుల్లో, బూట్ల మీద పాత సాక్సులు తొడిగించి చెలక గట్ల మీద ఓ పది నిమిషాలు తిప్పుకురండి. ఇంటికొచ్చి విప్పి చూడమనండి. ఉత్తరేణి గింజలు సూది మొనలతో దారాల్లో ఇరుక్కుని ఉంటాయి, అడుగున పల్లేరు గుచ్చుకుని ఉంటుంది (వట్టి కాళ్లతో మాత్రం పంపొద్దు, మావాడి ఏడుపు వాడంతా వినిపించింది). ఆ సాక్సునే పళ్లెంలో పెట్టి రోజూ నీళ్లు చల్లండి, ఏం మొలుస్తుందో పందెం కాయండి.

గాలికి ఎగిరే గింజలు చూపించాలంటే జిల్లేడు చాలు. ఎండి పగిలిన కాయే తీసుకోండి, పచ్చిదాని పాలు కంట్లో పడితే ప్రమాదం.

ఇక మర్రి. మహబూబ్‌నగర్ దగ్గర సుమారు 700 ఏళ్లదని చెప్పే పిల్లలమర్రి చూపించి, ఇదంతా ఆవాల కంటే చిన్న గింజలోంచి వచ్చిందంటే నమ్మరు. దారిలో తాటిచెట్టు మీద మొలిచిన మర్రి కనబడితే బండి ఆపి, అంత పైకి ఎవరు తీసుకెళ్లారో అడగండి. మావాడు "కల్లు గీసే తాత" అన్నాడు. పిట్ట రెట్టలో వచ్చిందని చెప్తే ఇల్లు చేరేదాకా నవ్వుతూనే ఉన్నాడు.