మహమ్మారి రోజుల్లో విదేశీ చదువు: బయలుదేరే ముందు మాట్లాడుకోవలసినవి

ఆగస్టులో శంషాబాద్‌ నుంచి అమెరికా బయలుదేరే పిల్లల సూట్‌కేసులో ఆవకాయ ఎక్కడ సర్దాలన్నది ఇంటిల్లిపాదీ చర్చిస్తారు కానీ, విమానాలే ఆగిపోతే ఏం చేయాలన్నది ఎవరూ ఎత్తరు. 2020 మార్చి చివర్లో మన దేశానికి అంతర్జాతీయ విమానాలు నిలిచిపోయినప్పుడు నేను షికాగోలో ఎం.ఎస్. విద్యార్థిని, విదేశాల్లో చిక్కుకున్నవారిని వెనక్కి తెచ్చే వందే భారత్ మిషన్ మే 7న మొదలయ్యాక కూడా చాలాకాలం అక్కడే ఉండిపోయాను.

అన్నిటికన్నా ముందు, ఒంట్లో బాగాలేకపోతే దాచకూడదని ఇరువైపులా మాట ఇచ్చుకోవాలి. ఆ ఏప్రిల్‌లో వీడియో కాల్ చేసినప్పుడల్లా నాన్నగారి పడక కుర్చీ ఖాళీగా కనిపించేది. బజారుకు వెళ్లారని అమ్మ చెప్పేది. లాక్‌డౌన్‌లో రోజూ బజారేమిటని తోచినా నేను అడగలేదు. ఆయనకు జ్వరం వచ్చి తగ్గిన సంగతి నాకు మేలో గానీ తెలియలేదు. నిద్ర పట్టక తెల్లవార్లూ కూర్చుంటున్నానని నేను మాత్రం చెప్పానా? ఏదో దాస్తున్నారన్న అనుమానం అసలు సంగతి కన్నా ఎక్కువ నలిపేస్తుంది. మాట్లాడే వేళ కూడా ముందే ఖాయం చేసుకుంటే, వేళకాని వేళ ఫోన్ మోగి గుండె జారిపోయే బాధ తగ్గుతుంది. వేసవిలో ఇక్కడ రాత్రి 8 గంటలైతే షికాగోలో ఉదయం 9:30. నవంబరులో అక్కడి గడియారం ఒక గంట వెనక్కి తిప్పాక 8:30 అవుతుంది.

చదువు భారమై ఒక కోర్సు వదిలేద్దామనిపిస్తే, వదిలేశాక చెబుదామనుకోవడం ప్రమాదం. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద ఉన్నవారు అనారోగ్య కారణంగా కోర్సులు తగ్గించుకోవచ్చు. మానసిక సమస్య కూడా ఇందులోకి వస్తుంది. అయితే లైసెన్సు ఉన్న వైద్యుడి లేదా క్లినికల్ సైకాలజిస్టు లేఖ చూపి, అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం అనుమతిని ముందుగానే పొందాలి. ఒక స్థాయి చదువులో ఈ సడలింపు మొత్తం 12 నెలలకు మించదు.

వదంతుల విషయంలో ఒక్క ఉదాహరణ చాలు. తరగతులన్నీ ఆన్‌లైన్‌లోనే ఉంటే విదేశీ విద్యార్థులు దేశం విడిచి వెళ్లాలని 2020 జూలై 6న ప్రకటించిన అమెరికా ప్రభుత్వం, జూలై 14న దాన్ని వెనక్కి తీసుకుంది. ఆ ఎనిమిది రోజుల్లో వాట్సాప్‌లో వచ్చిన ప్రతి సందేశాన్నీ నమ్మి టికెట్ కొన్నవారు నష్టపోయి ఉంటారు. ఇలాంటప్పుడు విశ్వవిద్యాలయం పంపే ఈమెయిల్‌నే చూడాలి.

రోజూ వేసుకునే మందులుంటే, జనరిక్ పేరుతో, అంటే కంపెనీ పెట్టిన పేరు కాక మందు అసలు పేరుతో, రాసిన చీటీ వెంట ఉండాలి. బీమా మానసిక వైద్యానికి ఎంతవరకు వర్తిస్తుందో చేరిన వారంలోనే అడగాలి.

ఇంకొక్క చిక్కు ఉంది. అక్కడి కౌన్సెలర్ల లైసెన్సు సాధారణంగా ఆ రాష్ట్రానికే పరిమితం కనుక, మధ్యలో హైదరాబాద్ తిరిగి వస్తే వారితో మాట్లాడటం కుదరకపోవచ్చు. ఇక్కడికి చేరాక ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు, రుసుము ఉండదు. అమెరికాలో ఉన్నంతకాలం తట్టుకోలేని రాత్రి పిలవవలసిన అక్కడి సహాయవాణి నంబరు 988.